ఇంకొంచెం చట్నీ, బాబూ!

శాకాహార హోటల్లో ఇడ్లీకి లెక్క ఉంటుంది, వడకి లెక్క ఉంటుంది, కాఫీకైతే గ్లాసే కొలత. చట్నీకీ సాంబారుకీ మాత్రం లెక్కాపత్రం లేదు. మెనూలో వాటికి ధర ఉండదు, బిల్లులో వాటి పేరుండదు. 2017 నవంబరు నుంచి మామూలు హోటలు బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేస్తున్న ప్రభుత్వం కూడా చట్నీని విడిగా పట్టించుకోలేదు. ఈ లెక్కలేనితనంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్న పెద్దమనిషి ఒకాయన మన ప్రతి ఊళ్లోనూ ఉన్నాడు. పిలవడానికి వీలుగా చట్నీశ్వర్రావు అందాం. వయసు నలభై దాటి ఉంటుంది, ఉద్యోగం ఏదైనా కావచ్చు, జీతం ఎంతైనా కావచ్చు. ప్లేటు ఇడ్లీ చెప్పి, మొదటి ముక్క తుంచకముందే “ఇంకొంచెం చట్నీ, బాబూ” అన్నాడంటే ఆయనే. పక్క టేబులు వాళ్లు నవ్వుకుంటారు. వెంట పిల్లలుంటే తలొంచుకుంటారు, భార్య ఉంటే అప్పటిదాకా లేని శ్రద్ధతో మెనూ చదవడం మొదలుపెడుతుంది. లోకం ఆయనకి పిసినారి అని ముద్ర వేసేసింది. అది అన్యాయమని నా వాదం. హోటలువాళ్లు ఎప్పుడో తమంతట తాము ఒప్పుకున్న దాన్నే ఆయన వసూలు చేసుకుంటున్నాడు.

ఎప్పుడు ఒప్పుకున్నారు, కాగితమేదీ అంటే కాగితం లేదు, ఆచారముంది. ఉడుపి ప్రాంతపు వంటవాళ్లు పోయిన శతాబ్దం మొదటి సగంలో దక్షిణాది పట్నాలన్నిటికీ టిఫిను అలవాటు చేశారు. బెంగుళూరులో ఎమ్‌టీఆర్ 1924లో మొదలైంది. మద్రాసులో కె. కృష్ణారావు ఉడ్‌లాండ్స్ 1938లో వచ్చింది. ఆ బాటలో వెలిసిన హోటళ్లన్నిటా ఒకటే పద్ధతి: అచ్చులో ఉడికేదీ పెనం మీద కాలేదీ లెక్కపెట్టి ఇస్తారు, గరిటెతో పోసేది అడిగినంత పోస్తారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం కరువైతే ఎమ్‌టీఆర్ వాళ్లు రవ్వతో ఇడ్లీ వేశారని చెబుతారు. యుద్ధం ఇడ్లీని మార్చగలిగింది గానీ దాని పక్కన చట్నీని తీసేయలేకపోయింది. మన హైదరాబాదులోనైతే చట్నీస్ అనే బోర్డే పెట్టుకుని పేరు తెచ్చుకున్న హోటళ్లున్నాయి. గుమ్మం మీద అంత పెద్ద అక్షరాలతో రాసుకున్నాక లోపల అడిగినవాణ్ణి వింతగా చూస్తే ఎలా?

ఆయన పనితనం కొంచెం దగ్గర్నుంచి చూడాలి. సాంబారు బకెట్టు తన వెనక వరసలోకి వచ్చిందని ఆయనకి వీపుకే తెలుస్తుంది. సప్లయరు గరిటె ముంచేలోపు “అడుగు నుంచి తియ్యి తమ్ముడూ” అంటాడు. పప్పూ ములక్కాడ ముక్కా కింద కూర్చుంటాయి, పైన తేలేది కరివేపాకూ పేరూ మాత్రమేనని ఆయనకి తెలుసు. అదే మధ్యాహ్నం భోజనంలో చారు వచ్చిందా, మాట మార్చేస్తాడు: “కలపకు, పైతేట పొయ్యి.” ఒకే మనిషి, రెండు గిన్నెలకి రెండు సిద్ధాంతాలు, రెండూ నిజమే. ఏడింటి సాంబారుకీ పదింటి సాంబారుకీ మధ్య ఎన్ని చెంబుల వేణ్ణీళ్లున్నాయో నాలిక మీద వేసుకుని చెప్పేస్తాడు. గరిటె గరిటెకీ పిలుపు కూడా మారుతుంది. మొదటిదానికి బాబూ, రెండోదానికి తమ్ముడూ, మూడోదానికి నాయనా, నాలుగోదానికి “మీదే ఊరు?”. హైదరాబాదులోనైతే భయ్యాతో మొదలై తమ్మీ దాకా నడుస్తుంది. అయిదో గరిటె అందేసరికి ఆ కుర్రాడి చెల్లెలి పెళ్లి ఎప్పుడో కూడా కనుక్కునుంటాడు.

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. ఇడ్లీ ఇంకా సగం ఉండగానే చట్నీ అయిపోతుంది, వేయించుకుంటాడు. తీరా ఇడ్లీ అయిపోయి చట్నీ మిగులుతుంది. అన్నపూర్ణని పారేస్తామా, అందుకని సింగిల్ ఇడ్లీ చెబుతాడు. అది రాగానే ఉన్న చట్నీ చాలదు. ఈ రెండూ ఆయన ప్లేటులో ఒకేసారి అయిపోయిన దాఖలా లేదు. చివరికి ప్లేటు ఇడ్లీతో లేవాల్సిన మనిషి రెండు సింగిళ్లూ ఒక వడా అదనంగా తిని లేస్తాడు. ఇందులో ఎవరికి గిట్టుబాటైందో ఆయన భార్యకి తెలుసు, కౌంటర్లో కూర్చున్నాయనకి ఇంకా బాగా తెలుసు. చట్నీకి ధర పెట్టకపోవడం హోటలువాడి అమాయకత్వమని అనుకునేవాళ్లు ఒక్కపూట ఆ గల్లాపెట్టె పక్కన నిలబడాలి.

కొబ్బరికాయల ధర చూశారా, పల్లీలు కిలో ఎంతో తెలుసా, ఇలా ఊరికే పోస్తూ పోతే హోటలు నడుస్తుందా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. ధర పెరిగిన మాట నిజం. అయితే ఆ భారం హోటలువాడొక్కడే మోస్తున్నాడని ఎవరన్నారు? కొబ్బరి ప్రియమైన నెలలో చట్నీలోకి పుట్నాలపప్పు చల్లగా దూరుతుంది, పల్లీ చట్నీ పలచబడి ప్లేటులో కాలవ కడుతుంది. ఈ సంగతి ఊళ్లో అందరికన్నా ముందు పసిగట్టేది చట్నీశ్వర్రావే. పసిగట్టి గొడవ చేయడు. “ఏంటి, ఇవాళ పుట్నాలు బాగా పడ్డట్టున్నాయ్” అని అందరికీ వినపడేలా అని, ఇంకొంచెం వేయించుకుంటాడు. ఇంకో సంగతి కూడా ఉంది. కొబ్బరి చట్నీ ఎండ ముదిరేదాకా నిలవదు, పులుపెక్కుతుంది. పదిన్నరకి గిన్నెలో మిగిలింది మరో గంటకి ఎలాగూ బయట పారబోయాల్సిందే. సరిగ్గా ఆ వేళకే తీరిగ్గా వచ్చే చట్నీశ్వర్రావు వల్ల నష్టమెంత? నన్నడిగితే పదిన్నర దాటాక ఆయనకి ఎదురెళ్లి వడ్డించాలి.

తిండి దండగ చేస్తాడన్న అభియోగం ఒకటుంది గానీ, అది నిలవదు. ఆయన లేచాక ప్లేటు చూస్తే కడిగిందేమో అనిపిస్తుంది. వారానికొకసారి కుటుంబంతో వచ్చి, మెనూలో పేరు నచ్చిందల్లా చెప్పి, రోటీలూ కూరా సగం సగం వదిలేసి ఫొటోలు దిగి వెళ్లేవాళ్లని ఎవరూ ఏమీ అనరు, వాళ్లు బిల్లు కడతారు కాబట్టి. చట్నీశ్వర్రావూ కడతాడు, చిల్లరతో సహా.

పిసినారితనానికి వస్తే, ఆయన నెయ్యి జోలికి పోడన్నది గమనించాలి. విజయవాడ బాబాయ్ హోటల్ అనగానే ఇడ్లీ మీద వెన్న గుర్తొస్తుంది కదా. ఆయన ఆ ఇడ్లీ తింటాడు, వేళ్లు నాకుతాడు, రెండోసారి వెన్న వెయ్యమని మాత్రం నోరు తెరిచి అడగడు. కాఫీలో డికాషను తక్కువైందంటాడే గానీ ఇంకో అరగ్లాసు పొయ్యమనడు. ఉచితంగా ఏదొచ్చినా దండుకునే రకమైతే ఈ గీత ఎందుకు గీసుకుంటాడు? లెక్కగా వచ్చేవేవో లెక్కలేకుండా వచ్చేవేవో ఆయనకి కంఠతా వచ్చు. కాకినాడ సుబ్బయ్య హోటల్ లాంటి చోటికి తీసుకెళితే ఇది మరీ తేటతెల్లమవుతుంది. అక్కడ విస్తట్లో కూర అవకముందే మళ్లీ వేస్తారు, వద్దంటే నొచ్చుకున్నట్టు చూస్తారు. అడిగే పని లేకపోయేసరికి ఆయన కొంచెం దిగాలుగా, మిగతా అందరిలాగే తిని వస్తాడు. అడగడం ఆయనకి జబ్బే అయితే అక్కడా అడిగేవాడే.

ఇన్ని చెప్పినా, ఒక్క ఆక్షేపణకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గరిటె గరిటెకీ ఖర్చు హోటలు యజమానిది కావచ్చు, నడక మాత్రం సప్లయరుది. నాలుగు గిన్నెల చట్నీల స్టాండు ఒక చేత్తో, సాంబారు బకెట్టు ఇంకో చేత్తో పట్టుకుని, నేల మీద పోసిన నీళ్లలో జారకుండా ఆ కుర్రాడు తిరిగే తిరుగుడుకి చట్నీశ్వర్రావు ఒక్కడే అయిదారు ప్రదక్షిణలు కలుపుతాడు. ఇంతా చేసి, సోంపు పళ్లెంలో వదిలేది అయిదు రూపాయల బిళ్ల. మీదే ఊరని అడిగాడు కదా, చెల్లెలి పెళ్లి సంగతి కనుక్కున్నాడు కదా అంటే, ఆ మాటలతో కాళ్లనొప్పి తగ్గదు. యజమానితో ఉన్న ఒప్పందాన్ని కుర్రాడి కాళ్ల మీద అమలు జరిపించడం తప్పే. దీనికి మందు గిన్నె టేబులు మీద పెట్టేయడం. చట్నీ గిన్నె, సాంబారు కూజా టేబులు మీదే ఉంచితే కుర్రాడూ బాగుంటాడు, ఈయనా బాగుంటాడు. అలా చేస్తే గిన్నెలు గిన్నెలు ఖాళీ చేస్తారని యజమానుల భయం. నాకైతే అలా అనిపించదు. ఎదురుగా నిండు గిన్నె ఉన్నవాడు రెండు గరిటెలతో తృప్తి పడతాడు, అది అటువైపు వెళ్లిపోతోందంటేనే కంగారు పుడుతుంది.

అయితే కాలం అటు పోవడం లేదు. స్టాండింగు టేబుళ్లొచ్చాయి, టోకెన్లొచ్చాయి, సెల్ఫ్ సర్వీసు వచ్చింది. చట్నీ కోసం ఖాళీ కప్పు పట్టుకుని మళ్లీ వరసలో నిలబడాలి, వెనకవాళ్లు కాఫీ టోకెను చూపిస్తూ ముందుకి తోస్తుంటారు. అక్కడ తమ్ముడూ, నాయనా అనే వరసలు పనికిరావు. ఎక్స్‌ట్రా చట్నీకి చార్జి చేయబడును అని కొన్ని గోడల మీద అట్టలు కూడా వేలాడుతున్నాయి. దానికన్నా గడ్డు రోజు ఇంటికి పార్సిల్ తెప్పించుకునే రోజు. ఫోన్లో ఆర్డరు పెడితే రెండు దోసెలకి అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ కవరులో చట్నీ వస్తుంది, ఒక్కోసారి అదీ రాదు. రాలేదని యాప్‌లో ఫిర్యాదు చేస్తే వెంటనే క్షమాపణ చెప్పి, ఇరవయ్యో ముప్పయ్యో వెనక్కిస్తాం అంటుంది. పిసినారి అయితే ఎగిరి గంతేసి తీసుకోవాలి. చట్నీశ్వర్రావు తీసుకోడు. డబ్బు మీరే ఉంచుకోండి, చట్నీ పంపించండి చాలు అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడతాడు. అవతల నుంచి మళ్లీ క్షమాపణ వస్తుంది, ఈసారి యాభై ఇస్తామంటుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, అటువైపున్నది మనిషి కాదన్న అనుమానమైనా లేకుండా, మీదే ఊరు బాబూ అని అడుగుతాడు.