వేయి వాట్ల ఆటవెలది: టీకా తాత్పర్యాలు

మూలము:

ఆ. పెట్టె లోన రెండు పెట్టిన స్పీకర్లు
వేయి వాట్ల మోత వెల్లువెత్తు
వైరు గుచ్చుటొకటె వలయును, మిగిలిన
పనులు తామె యగును బావగారు!

అవతారిక: ప్లైవుడ్డు కోసి, లోపల రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటరు బిగించి, ముందు జాయ్‌స్టిక్కూ రంగు బటన్లూ అమర్చి, పాక్‌మ్యాన్ కాలపు ఆటల పెట్టెను ఇంట్లోనే కట్టుకునే గృహస్థులు ఈ రోజుల్లో కనబడుతున్నారు. తెర మీద బొమ్మ ఆడేదాకా వారికి శబ్దం సంగతి గుర్తు రాదు. గుర్తొచ్చిన ఆ ఘడియలో పక్కన ప్రత్యక్షమయ్యే సర్వజ్ఞుడు చదివేదే ఈ పద్యం. కవి ఎవరో తెలియదు. దుకాణంలో కౌంటరు వెనక కూర్చునేవాడని కొందరు, అట్టపెట్టె మీద అక్షరాలు అచ్చు వేయించేవాడని కొందరు, పెళ్ళిలో ఎదురై “అదెంత పని, సింపుల్!” అనే చుట్టమని మరికొందరు. ముగ్గురూ ఒక్కరేనని నా సిద్ధాంతం. పెట్టె వెనక తలుపు తీసి తల లోపల పెట్టినవాడు ఆ ముగ్గురిలో ఒక్కడూ లేడు.

టీక: పెట్టె, లోన: సుగమము.

రెండు: ఇదీ సుగమమేనని వదిలేస్తే పండితులు ఊరుకోరు. 1980 నాటి పాక్‌మ్యాన్ యంత్రంలో స్పీకరు ఒక్కటే. ఎడమా కుడీ అన్న భేదం ఆ ఆటకు తెలియదు. మూడు స్వరాలు ఒకేసారి పలికించగలిగే నామ్‌కో వారి శబ్దయంత్రం, దానికొక నోరు, అంతే. అంతకు ముందు 1978లో తైతో సంస్థకు టోమోహిరో నిషికడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఇంకా పొదుపరి. దిగుతున్న నాలుగు మంద్రస్వరాలు, వాటినే మళ్ళీ మళ్ళీ. శత్రువులు తగ్గేకొద్దీ ప్రాసెసరుకు గీయవలసిన బొమ్మలు తగ్గి, మిగిలినవి జోరుగా కదిలేవి. నిషికడో దాన్ని దిద్దకుండా అలాగే ఉంచాడు. స్వరాలూ వాటితోపాటే పరుగెత్తేవి. విళంబంలో మొదలై ద్రుతానికి చేరేసరికి ఆడేవాడి అరచేయి తడిసేది. భయానకానికి ఉద్దీపన విభావం లయ ఒక్కటే అని చెప్పడానికి ఇంతకన్న మంచి లక్ష్యం నాకు ఏ కావ్యంలోనూ దొరకలేదు. రాగం లేదు, సాహిత్యం లేదు, సంగతులు లేవు. కచేరీల్లో మైకు సరిచేయించడానికే పావుగంట తీసుకునే విద్వాంసులకు ఈ నాలుగు స్వరాలూ వినిపించాలని నాకు చాలాకాలంగా ఉంది. తని ఆవర్తనంలో కూడా ఊపిరి అంతగా బిగబట్టించే ముక్తాయింపులు అరుదు. ఇక్కడ ముక్తాయింపు పడితే ఆడేవాడు చచ్చాడన్నమాట, అది వేరు.

ఏం చెబుతున్నాను? స్పీకర్లు.

స్పీకర్లు: ‘పవర్డ్’ అనే విశేషణాన్ని కవి గణాలకు భయపడి వదిలాడు. అది వదలరానిది. రాస్ప్‌బెర్రీ పై పక్కన ఉండే ఇయర్‌ఫోను రంధ్రం వట్టి స్పీకరును మోగించలేదు. మధ్యన యాంప్లిఫయరు కావాలి. జతలో ఒకదాని కడుపులో ఆ యాంప్లిఫయరు, వాల్యూం మీట, కరెంటు తీగ అన్నీ ఉంటాయి; రెండోది దాన్నుంచి వచ్చే తీగతో బతుకుతుంది. 2023లో వచ్చిన పై 5లో ఆ రంధ్రం కూడా తీసేశారు. కవిగారి మూడో పాదం అక్కడికక్కడే నిరాధారమైంది.

వేయి వాట్ల: అలంకారం అతిశయోక్తి. అందులో ఏ భేదమని శంక. కంప్యూటరు యూఎస్‌బీ రంధ్రం నుంచి కరెంటు తాగే బుల్లి స్పీకర్లకు మామూలుగా దొరికేది అయిదు వోల్టులు, అర ఆంపియరు. గుణిస్తే రెండున్నర వాట్లు. లోపలికి వెళ్ళినదే రెండున్నర అయితే బయటికి వెయ్యి ఎలా వస్తాయి? వెయ్యి వాట్లంటే ఇస్త్రీపెట్టె. ఆ లెక్కన చొక్కా వీటి మీదే ఇస్త్రీ చేసుకోవచ్చు. ఉపమేయాన్ని ఉపమానం పూర్తిగా మింగేస్తే రూపకాతిశయోక్తి అంటారు ఆలంకారికులు. ఇక్కడ రెండున్నరను వెయ్యి మింగి త్రేన్చింది కనుక అదే. టూ ఇన్ వన్‌ల కాలం నుంచీ అట్టల మీద మెరిసే ‘పీఎంపీఓ’ అనే బీజాక్షరాలు ఈ మింగుడుకు మంత్రం; దాన్ని కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు గనక ఎవరి వెయ్యి వారిది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇళ్ళలో వాడే యాంప్లిఫయర్ల శక్తిని ఎలా కొలిచి చెప్పాలో నియమం పెట్టింది. ఆలంకారికుడు దండి చేయవలసిన పని దొరతనం చేసింది.

పోనీ ‘మూడు వాట్ల’ అని పాఠం దిద్దుదామా? గణం నిలుస్తుంది గాని ‘వెల్లువెత్తు’తో యతి పోతుంది. నిజం చెబితే యతిభంగం.

నా బాధ వెయ్యి గురించి కాదు. మెదకు సీమ కొలచాల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది పలకనని ముందే ఒట్టు వేసుకుని వ్యాఖ్యకు కూర్చున్నాడు. ఈ అట్టపెట్టె రాసినవాడు సరిగ్గా దానికి తిరుగు ఒట్టు వేసుకున్నాడు. స్ఫటికం వంటి ధ్వని అని ఉంది, ఉరుము వంటి బేసు అని ఉంది, ఎర్రటి మంటల బొమ్మ ఉంది. నాకు కావలసినది ఒక్క వాక్యం: కరెంటు తీసి మళ్ళీ ఇస్తే ఇది తనంతట తాను మోగుతుందా? స్పీకరును పెట్టెలో బిగించి తలుపు మూశాక దాని బటను చేతికి అందదు. గోడ స్విచ్చి వేస్తే అన్నీ లేవాలి. మెత్తగా నొక్కే బటను ఉన్న రకమైతే కరెంటు వచ్చినా నిద్రలోనే ఉంటుంది. ప్రతిసారీ వెనక తలుపు తీసి, చేయి దూర్చి, తడిమి లేపాలి. ఇంకొన్నిటికి పొదుపు వ్రతం: కాసేపు శబ్దం లేకపోతే కళ్ళు మూస్తాయి, మళ్ళీ తెరిచేలోగా నాణెం పడిన చప్పుడు గాలిలో కలుస్తుంది. దుకాణంలో అడిగితే “అన్నీ అంతే సార్” అన్నాడు. అన్నీ అంతే కాదు. అదే బల్ల మీద తిప్పే మీట ఉన్న జత కూడా ఉంది.

వైరు గుచ్చుటొకటె: ఆడియో తీగను రాస్ప్‌బెర్రీ పైకి గుచ్చి, కరెంటూ ఆ పై నుంచే ఇస్తే ఎర్తు రెండు దారుల్లో కలిసి వలయమవుతుంది. ప్రాసెసరు పడే కష్టమంతా ఆ వలయంలోంచి స్పీకర్లోకి దిగుతుంది. తెర కదలకపోతే సన్నగా జుయ్, ఆటలో దయ్యాలు పరుగెత్తితే గట్టిగా గుయ్. ఈ మాట కవితో అంటే “మాకెప్పుడూ రాలేదే” అంటాడు. స్పీకర్లకు వేరే అడాప్టరు పెట్టాలి, లేదా గ్రౌండ్ లూప్ ఐసొలేటరు అనే చిన్న డబ్బీ తీగ మధ్యలో కలపాలి. దాని లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు. తీగకూ తీగకూ తాకుడు లేకుండా పాట మాత్రం అయస్కాంత మార్గాన దాటుతుంది.

మిగిలిన పనులు: తెర పైన, పేరుపలక కింద చెక్కకు రంధ్రాలు. వాటికి జాలీ. స్పీకరు ముఖాన్ని చెక్కకు ఆనించి, చుట్టూ నురగపట్టీ అంటించకపోతే సగం మోత పెట్టె లోపలే తిరిగి బొంగురుపోతుంది. తెర పాత గాజు ట్యూబయితే స్పీకరు అయస్కాంతం దగ్గరకు రాగానే మూలన ఆకుపచ్చ మరక. వాల్యూం మీట ఎక్కడ? పాత యంత్రాల్లో నాణేల తలుపు వెనక ఉండేది, ఆడేవాడు ముట్టకుండా. మనకు ముట్టాలి. ఇవన్నీ ‘తామె యగును’. ఈ క్రియకు కర్త ఎవరో నాకు చూపినవారికి నమస్కారం.

బావగారు: ‘పనులు’తో యతి కోసం వచ్చిన సంబోధన, ప, బ లకు చెల్లుతుందని లాక్షణికుడు అప్పకవి అడ్డుచెప్పడు. ‘మామగారు’ అంటే యతి చెడుతుంది, పైగా పెట్టె గుయ్‌మన్నాక అల్లుడికి ఆ ఇంట కాఫీ పుట్టదు. బావగారైతే గౌరవంగా వింటాడు, తిట్టలేడు.

తాత్పర్యము: టక్‌మని తిరిగే మీట ఉన్న జతే కొనండి. కొనేముందు దుకాణంలోనే మోగించి, ప్లగ్గు పీకించి, మళ్ళీ పెట్టించి చూడండి. కవి విసుక్కుంటాడు.