రెండో అంతస్తులో సమానత్వం

డిసెంబరు 3, దివ్యాంగుల దినోత్సవం. గోదావరి గట్టున ఓ కాలేజీ. ‘దివ్యాంగులకు సమాన అవకాశాలు’ సదస్సు రెండో అంతస్తులో! లిఫ్టు తలుపుకు అడ్డంగా ఆ సదస్సు ఫ్లెక్సీయే కట్టారు. ర్యాంపు లేదనకండి, ఉంది. అడుగు ఎత్తెక్కాలంటే 12 అడుగుల పొడవుండాలంటాయి నిబంధనలు. మనోళ్లు మూడడుగుల్లో తేల్చేశారు. కాటన్‌ దొర ఆనకట్ట కట్టిన నేలమీద కొలతలకొచ్చింది కరువు! పైగా ఆ ర్యాంపుమీద ఎవరిదో బుల్లెట్టు బండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్‌ కాలేజీల్లో 5 శాతం సీట్లిమ్మంది. ఇచ్చారు, సీటుదాకా వెళ్లే దారే సిలబస్‌లో లేదు. చివరికి చక్రాల కుర్చీ కుర్రాణ్ని నలుగురు ఉత్సవ విగ్రహంలా మోసుకెళ్లి ఫొటోలు దిగారు.

‘ఇబ్బందేం లేదుగా బాబూ?’ అన్నారు ప్రిన్సిపాలు గారు.

‘ఆయ్, ఎక్కడానికేం లేదండి. బాత్రూమే కిందుందటండి!’