మనోడైతే ఎన్నారై, వాడైతే బీహారోడు

ఏటా చలికాలం మొదలవగానే మన పత్రికల జిల్లా పేజీల్లో ఒక శీర్షిక తప్పకుండా వస్తుంది: ‘విదేశీ అతిథులు వచ్చేశారు’. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు, నేలపట్టులో గూడబాతులు. సూళ్లూరుపేటలో వాటి పేరు మీద పండగే చేస్తారు. నాయకులొస్తారు, స్టాళ్లు పెడతారు, మైకులు మోగుతాయి. ఈ అతిథులకు వీసా లేదు, ఆధార్ లేదు, పోలీస్ వెరిఫికేషన్ లేదు. స్థానిక చేపల్ని మింగేస్తున్నాయని ఎవరూ ధర్నాకు దిగరు. తిండి కోసం, పిల్లల్ని పెంచుకోవడం కోసం వచ్చాయి పాపం అని మురిసిపోతాం.

అదే తిండి కోసం, అదే పిల్లల కోసం దానాపూర్ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలోంచి సికింద్రాబాద్‌లో దిగినవాడి గురించి రాయాల్సి వస్తే మాత్రం అదే పత్రిక ‘వలస కూలీలు’ అంటుంది. సబ్‌ఎడిటర్‌కి ఆ రోజు మూడ్ బాగోకపోతే ‘వలస కూలీల తాకిడి’ అంటుంది. వరదకూ మిడతల దండుకూ వాడే మాట అది. కొంగకు దక్కిన అతిథి హోదా మనిషికెందుకు దక్కలేదయ్యా అంటే, కొంగ అద్దెకు గది అడగదు.

ఊరు వదిలి పోవడమన్నది ఒకటే పని. దానికి తెలుగులో టికెట్టు ధరను బట్టి పేరు మారుతుంది. విమానంలో పడమటికి పోతే ఎన్నారై. విమానంలోనే గల్ఫ్‌కి పోతే ‘దుబాయ్ పోయినోడు’. దిగింది మస్కట్‌లోనో కువైట్‌లోనో అయినా సరే, ఊరి లెక్కలో అదంతా దుబాయే. రైల్లో పోతే వలస కూలీ. లారీ ఎక్కి ఇటుక బట్టీకి పోతే ఆ పేరు కూడా ఉండదు, ‘లేబర్’ అంతే. ఏకవచనం లేదు, బహువచనం లేదు, ఇసుకా సిమెంటూ లాగా లోడు లెక్క. ‘ఒక లోడు లేబర్ దిగింది’ అనే మాట మేస్త్రీ నోటినుంచి మీరు వినే ఉంటారు.

సెటిల్ అనే మాట సంగతి చూడండి. ‘మా అబ్బాయి డాలస్‌లో సెటిలయ్యాడండీ’ అంటే పెళ్లి సంబంధాల రేటు పెరుగుతుంది. అదే మాటకు తోక తగిలించి హైదరాబాద్‌లో ‘సెటిలర్’ అంటే ఓటు బ్యాంకు అవుతుంది. గుంటూరు నుంచి వెళ్లి ఆరు నెలలుగా డాలస్‌లో అద్దెకున్నవాడు సెటిలయ్యాడు. గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా కూకట్‌పల్లిలో సొంతింట్లో ఉంటున్నవాడు సెటిలరు. ఇతను చచ్చేదాకా సెటిల్ కాలేడు. ఎన్నికల ముందు పదిహేను రోజులు మాత్రం అన్ని పార్టీలకూ ‘సెటిలర్ సోదరుడు’ అవుతాడు. పోలింగ్ బూత్ తలుపు మూయగానే సోదరుడు రాలిపోయి సెటిలరు మిగులుతాడు.

ఈ పేర్ల ఆట ఇవాళ్టిది కాదు. నిజాం కాలం నుంచే ముల్కీ (స్థానికుడు), గైర్ ముల్కీ (బయటివాడు) అని రెండు ఖానాలుండేవి. ముల్కీ అనిపించుకోవాలంటే పదిహేనేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి. 1952లో హైదరాబాద్ వీధుల్లో ‘ఇడ్లీ సాంబార్ గో బ్యాక్’ అని నినాదాలు లేచాయి. స్థానికుల ఉద్యోగాలు బయటివాళ్లు తన్నుకుపోతున్నారన్న కడుపుమంట న్యాయమైనదే. కానీ నినాదంలోకి వచ్చేసరికి మనిషి టిఫినైపోయాడు. ఉద్యోగాలిచ్చిన అధికారి వెనక్కి పోలేదు, ఇడ్లీ అంతకంటే పోలేదు. ఇవాళ ఈ నగరంలో పొద్దున్నే బండి దగ్గర ఇడ్లీ తినని ముల్కీ ఎవరైనా ఉంటే చూపించండి.

వ్యాకరణం కూడా తన వంతు సాయం చేస్తుంది. వాడు, అతను, ఆయన, వారు అని తెలుగులో మర్యాదకు మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఎవర్ని నిలబెట్టాలో ఎవరూ నేర్పక్కర్లేదు, తెల్లచొక్కా చూడగానే నోటికి అదే వస్తుంది. ఇరవై నాలుగేళ్ల సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఆయన. అరవై ఏళ్ల టైల్స్ మేస్త్రీ వాడు. ఇక గారు ఉంది. కలెక్టరు గారు, పూజారి గారు, టీచరు గారు, చివరికి రౌడీషీటర్ ఎమ్మెల్యే అయినా గారే. కూలీ గారు అన్నవాణ్ని నేనింతవరకూ చూడలేదు. పరాయి రాష్ట్రం వాడైతే మరీ సులువు. మనకొచ్చిన హిందీలో ఆప్ అనే మాట సినిమాల్లో తప్ప లేదు, నేరుగా ‘తుమ్’ దగ్గర దిగుతాం. ఆ పైన వాచ్‌మన్ ఏ దేశం వాడైనా గూర్ఖా, పానీపూరీ అమ్మేవాడు ఏ జిల్లా వాడైనా భయ్యా, మిగతా అందరూ బీహారీలు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా, బెంగాల్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రాలను కలిపి ఇంత పెద్ద బీహార్‌ను ఏర్పాటు చేసిన ఘనత ఏ పునర్విభజన చట్టానికీ దక్కలేదు, తెలుగు నాలుకకే దక్కింది.

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఈ మధ్య ఒక సందేశం వచ్చింది. సెక్రటరీ గారు పెట్టారు. ఆయన చాలా మంచివారు, ఎవరింట్లో పెద్దవాళ్లు పడిపోయినా ముందు కారు తీసేది ఆయనే. సందేశం ఇలా ఉంది: ‘గౌరవనీయులైన రెసిడెంట్స్‌కి మనవి. సి బ్లాక్ పెయింటింగ్ నిమిత్తం రేపటి నుంచి బీహారీ లేబర్ వస్తున్నారు. దయచేసి చెప్పులు, సైకిళ్లు బయట ఉంచవద్దు. లేబర్ ప్యాసింజర్ లిఫ్ట్ వాడకుండా అందరూ గమనించగలరు.’ కింద పద్దెనిమిది దండాలు, ఆరు బొటనవేళ్లు.

మర్నాడు నలుగురు వచ్చారు. ఇద్దరిది బెంగాల్‌లోని మాల్దా, ఒకరిది ఒడిశాలోని గంజాం. నాలుగో మనిషిది పలాస. మన శ్రీకాకుళం జిల్లా పలాస. మూడో ఫ్లోర్ మేడమ్ ‘తుమ్ కహా సే?’ అని అడిగితే, హిందీలో అడిగారు కదాని పాపం ఆయన హిందీలోనే జవాబిచ్చాడు. అంతే, ఖాయమైపోయింది. మధ్యాహ్నం వాటర్ ట్యాంక్ దగ్గర కూర్చుని చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుంటూ ‘మాది ఆంధ్రానే బాబూ’ అని నాతో అన్నాడు. ఈ మాట సెక్రటరీ గారి చెవిన వేశాను. ‘అవునా, తెలుగు బాగా మాట్లాడుతున్నాడే!’ అని మెచ్చుకున్నారు. నడుముకు రంగు డబ్బా కట్టుకుని తాడు మీద వేలాడే సరికి మనిషి రాష్ట్రం మారిపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారంలోనే సెక్రటరీ గారు అదే గ్రూప్‌లో ఇంకో పొడుగాటి సందేశం పెట్టారు. వాళ్లబ్బాయి డాలస్ శివార్లలో ఉంటాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమని ట్రంప్ ప్రకటించిన నాటి నుంచి ఈయనకు నిద్ర లేదు. అబ్బాయికి పాత వీసానే అయినా సరే. దానికి తోడు ఏదో దుకాణం క్యూలో ఒకడు ‘మీ దేశం పో’ అన్నాడట. ‘మనవాళ్లందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నారండీ. మన పిల్లలు ఒళ్లొంచి పనిచేస్తారు, ట్యాక్సులు కడతారు, ఎవరి జోలికీ పోరు. వాళ్లు లేకపోతే ఆ దేశం నడుస్తుందా?’ ప్రతి అక్షరం నిజం. నేనూ దండం పెట్టాను. కానీ స్క్రీన్ మీద ఈ సందేశానికీ, సైకిళ్ల సందేశానికీ మధ్య ఒక గుడ్ మార్నింగ్ గులాబీ మాత్రమే అడ్డం ఉంది.

అమెరికా వాళ్లు మనకన్నా పద్ధతైనవాళ్లు, తిట్టునైనా చట్టంలో రాసి పెట్టుకుంటారు. 1952 నాటి వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలో పరదేశికి పేరు ‘ఏలియన్’. అక్కడ చదువుకునే మన పిల్లలు పన్ను ఫారంలో బుద్ధిగా ‘నాన్‌రెసిడెంట్ ఏలియన్’ అని నింపుతారు. 2021లో బైడెన్ ప్రభుత్వం ఆ మాట మానేసి ‘నాన్‌సిటిజన్’ అనమంది. ట్రంప్ రాగానే ఏలియన్ తిరిగొచ్చాడు. 2013లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ‘ఇల్లీగల్ ఇమిగ్రెంట్’ అని రాయడం మానేసింది. అక్రమం అన్నది చేసిన పనికి చెప్పాలే గానీ మనిషికి అంటగట్టకూడదని వాళ్ల లెక్క.

మన పత్రికలు అంత దూరం పోలేదు. పోవాల్సిన అవసరమూ లేదు, మనకు రెండు నిఘంటువులున్నాయి. బంగ్లాదేశ్ నుంచి కాగితాల్లేకుండా వస్తే ‘అక్రమ చొరబాటుదారు’. మనవాడు కాగితాల్లేకుండా న్యూజెర్సీలో ఉంటే ‘స్టేటస్ పోయింది’. బీపీ పెరిగింది, షుగర్ పడిపోయింది అన్నట్టు, అదేదో ఒంటికొచ్చిన ఇబ్బంది, మనిషి తప్పేం లేదు. గల్ఫ్‌లో కఫీల్ అనే యజమాని దగ్గర్నుంచి పారిపోయిన కరీంనగర్ వాడు ‘ఖల్లివెల్లి’. వినడానికి ఏదో జానపద పాటలా ఉంటుంది. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీ బోర్డు తిరగేస్తే అది వీసా అక్రమాలు పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వం వేసిన వల అని బయటపడింది. పట్టుబడ్డవాళ్లలో చాలామంది తెలుగు పిల్లలే. మన శీర్షికల్లో వాళ్లు ‘అమాయక విద్యార్థులు’. ఆ పిల్లల మీద నాకూ జాలే. ఆ జాలి మాటల్లో ఒక్కటైనా రోహింగ్యాల బస్తీ దాకా వెళ్లలేదేమని మాత్రమే నా సందేహం.

మనం గొప్పగా చెప్పుకునే లెక్క ఒకటుంది. 2010 నుంచి 2017 వరకు అమెరికాలో అత్యంత వేగంగా పెరిగిన భాష తెలుగు, పెరుగుదల 86 శాతం. అప్పట్లో ప్రతి తెలుగు ఫోనులోనూ తిరిగింది, మీసాలు మెలేశాం. ఆ లెక్క తీసింది సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్. అక్కడికి వలసలు తగ్గించాలని ఏళ్ల తరబడి వాదిస్తున్న సంస్థ అది. వాళ్లు ప్రమాద హెచ్చరికలా చెప్పినదాన్ని మనం సన్మాన పత్రంలా చదువుకున్నాం.

పేరు పెట్టించుకోవడం మనకు కొత్తేమీ కాదు. బొంబాయి కట్టడానికి నిజాం రాజ్యం నుంచి వెళ్లిన తెలుగు కూలీలు కామాఠీలయ్యారు. వాళ్ల పేరున వెలసిన కామాఠీపురా ఇప్పుడు దేనికి పేరుపడిందో చెప్పక్కర్లేదు. కాకినాడ పక్కన కోరంగి రేవులో ఓడెక్కినందుకు రంగూన్‌లో తెలుగువాళ్లంతా ‘కోరంగీలు’. ఓడ ఎక్కిన రేవే ఇంటిపేరైంది. 1930 మే నెలలో అక్కడి రేవు పనుల దగ్గర కూలి కోసం మొదలైన గొడవ బర్మా వాళ్లకూ కోరంగీలకూ కొట్లాటగా మారి ఎంతోమంది ప్రాణాలు తీసింది. దక్షిణాఫ్రికాలో భారతీయుడైతే చాలు, కోటు వేసుకున్నా కూలీయే. గాంధీ అక్కడ ‘కూలీ బారిస్టరు’. ఢిల్లీలో మనల్ని మద్రాసీలంటే ఆత్మగౌరవం పేరు మీద ఒక రాజకీయ పార్టీనే నిలబెట్టుకున్నాం. గురివింద గింజ సామెత మన భాషలోనే పుట్టడం యాదృచ్ఛికం కాదేమో.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఓలేత పట్టణంలో ‘నా దేశం వదిలి పో’ అంటూ ఒకడు ఇద్దరు తెలుగు ఇంజనీర్ల మీద కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. వాడు వాళ్లను ఇరానీయులనుకున్నాడు. ఎవరెవరో తేడా తెలుసుకునే ఓపిక వాడికి లేదు. దీని మీద చమత్కారం చేయడం నాకు చేతకాదు, ముందుకు పోతాను.

2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొట్టమొదటి శ్రామిక్ రైలు బయల్దేరింది. లాక్‌డౌన్‌లో తిండీ పనీ లేక వందల మైళ్లు నడిచిపోతున్నవాళ్లను ఇంటికి పంపడానికి. వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి బీహార్‌లోని ఖగడియా నుంచి ఒక రైలు వచ్చింది. వడ్లు కొనుగోలు కేంద్రాల్లో గుట్టలు పడ్డాయి, రైస్‌మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలు లేరు. ఆ రోజు వచ్చినవాళ్లకు స్టేషన్‌లో అధికారులు స్వాగతం పలికారు. ఆ ఒక్కరోజు వాళ్లు అతిథులు. బస్తాలు లారీలెక్కాక మళ్లీ బీహారోళ్లు. ఇప్పుడు తెలంగాణ పొలాల్లో నాట్లకు కూడా బెంగాల్, బీహార్ ముఠాలు వస్తున్నాయి, ఎకరానికింత అని గుత్త మాట్లాడుకుని తాడు పట్టి వరసగా నాటేస్తున్నారు. సన్నబియ్యం అన్నం తింటూ ‘వీళ్లొచ్చి ఊరు పాడైపోయిందండీ’ అనడానికి మనకు ఏ అడ్డంకీ లేదు.

కేరళ వాళ్లు కొంచెం ముందుకెళ్లి ‘అతిథి కార్మికులు’ అని సర్కారు కాగితాల్లోనే పేరు పెట్టారు. కొంగతో సమానం చేశారన్నమాట. మంచిదే. కాకపోతే అతిథి అన్నదాంట్లో ఒక మెలిక ఉంది. ఎంత మర్యాద చేసినా, ‘తిరుగు ప్రయాణం ఎప్పుడండీ?’ అని అడగడానికి వీలున్న మర్యాద అది.

మాటలతో బాటు కాగితం సంగతీ చెప్పుకోవాలి. 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం చేసింది. తీసుకొచ్చిన కాంట్రాక్టరు ప్రతి మనిషికీ ఫోటో అంటించిన పాస్‌బుక్ ఇవ్వాలి. పని ఎక్కడ, ఎన్నాళ్లు, కూలి ఎంత అన్నది అందులో హిందీ, ఇంగ్లీషుతో పాటు ఆ కార్మికుడి సొంత భాషలో కూడా రాసి ఉండాలి. అంటే మాల్దా మనిషికి బెంగాలీలో, గంజాం మనిషికి ఒడియాలో, పలాస మనిషికి తెలుగులో. 2020లో చేసిన కొత్త లేబర్ కోడ్ 2025 నవంబరులో అమల్లోకి వచ్చి ఈ చట్టాన్ని తనలో కలిపేసుకుంది. నలభై ఏళ్లకు పైగా అది పుస్తకాల్లో ఉంది. మీ ఇంటి స్లాబు వేసినవాళ్లలో, మీ గోడకు రంగేసినవాళ్లలో ఒక్కరి చేతిలోనైనా అలాంటి పాస్‌బుక్ చూసి ఉంటే దయచేసి ఈ పత్రికకు రాయండి. వచ్చే వారం ఈ జాగా మీకే ఇచ్చేస్తాను.