వరదొచ్చినప్పుడు తీర్పు చెప్పడం ఎలా?

ఊళ్లోకి నీళ్లొచ్చిన పూట మీ మాటే చెల్లాలి. అసలు సంగతి కనుక్కునేవాడు గంట వెనకబడతాడు. ముందు తీర్పు చెప్పేసినవాడి చుట్టూ జనం మూగుతారు. 2024 సెప్టెంబరు వరదల్లో విజయవాడను చూసి నేర్చుకోండి.

1. నీళ్లు ఎటునుంచి వచ్చాయో చూడకండి. సింగ్‌నగర్ మునగగానే "కృష్ణమ్మ వచ్చేసింది" అనండి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోతుంటే కాదనేదెవరు? "ముంచింది బుడమేరు వాగు కదండీ, దాని కాలువకు గండ్లు పడ్డాయట" అని ఎవరైనా నసిగితే "నువ్వు చూశావా?" అనండి. మీరూ చూడలేదన్నది వాళ్లకు తట్టదు.

మ్యాపు జోలికి అసలే పోవద్దు. పోయారంటే మైలవరం వైపు కొండల నుంచి వచ్చే బుడమేరు నీళ్లను వెలగలేరు దగ్గర కృష్ణ వైపు ఎందుకు మళ్లించారో, కృష్ణ నిండుగా ఉంటే అవి అందులో ఎందుకు కలవలేవో, పాత దారిన ఊరి మీదుగా కొల్లేటికి ఎందుకు పరిగెడతాయో అర్థమైపోతుంది. ఇక తిట్టడానికి ఒక్కడూ దొరకడు.

2. అప్పుడే పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి. ఇలాంటప్పుడు పడవ రంగు చూసి పార్టీ చెప్పేయండి. కొందరితో కుట్ర అనండి, కొందరితో ప్రమాదం అనండి. ఏది తేలినా "నేను ఆరోజే చెప్పా" అనొచ్చు.

3. సాయంగా పంచే పాల ప్యాకెట్ల కోసం నిలబడ్డవాళ్లలో మెడలో గొలుసున్న ఆవిణ్ని వెతకండి. "ఈవిడకేం తక్కువ?" అని పక్కవాళ్లకు వినబడేట్టు అని ఫొటో తీయండి. ఇంట్లో బాలింత ఉందేమో, పొయ్యి నీళ్లలో ఉందేమో అడగొద్దు. అడిగితే జాలి పుడుతుంది, ఫొటో తీయబుద్ధి కాదు.

4. "బుడమేరు కట్ట మళ్లీ తెగింది" అని వాయిస్ మెసేజ్ వస్తే మొదటి నాలుగు మాటలు చాలు. తేదీ చూడకండి. అపార్ట్‌మెంట్ గ్రూపుకీ, నూజివీడు పెదనాన్నకీ పంపేయండి. కింద "అందింది అందినట్టు పంపుతున్నా" అని రాస్తే బాధ్యత తీరిపోతుంది. జనం పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కాక, కట్ట బాగానే ఉందని అధికారులు మైకులో చెప్పారనుకోండి. కంగారొద్దు. మెసేజ్ డిలీట్ చేసి "ముందుజాగ్రత్తకే పెట్టా" అనండి.

5. ఎవరైనా నిలదీస్తే "నిప్పు లేనిదే పొగ రాదు" అనండి. అప్పటికీ వదలకపోతే "ఇంతకీ మీ ఇంటికి కరెంటు వచ్చిందా?" అని మాట మార్చేయండి.