అడ్డపుల్లల పెద్దమనిషి

పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో కావాలంటే మామూలు మనిషి ‘పిప్ ఇన్‌స్టాల్ జాంగో’ అని కొట్టి, టీ చల్లారేలోపు పని కానిచ్చేస్తాడు. ఆ జాంగోనే డెబియన్ లైనక్స్‌లోకి చేర్చే ప్యాకేజీ మెయింటెయినర్ దగ్గర ఈ మాట అనిచూడండి. కళ్ళజోడు సవరించుకుని, “లోపల ఏముందో చూశారా?” అంటాడు. మనం చూడం. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా.

ఆయన చూస్తాడు. స్థలం కొనేవాడు లింకు డాక్యుమెంట్లు తిరగేసినట్టు ఫైలు ఫైలూ తెరిచి, ఇదెవరు రాశారు, ఏ లైసెన్సు అని ఆరా తీస్తాడు. “మొత్తానికి బీఎస్‌డీ లైసెన్సే కదండీ” అంటే ఒప్పుకోడు. అడ్మిన్ పేజీల కోసం పెట్టిన జేక్వెరీది ఎంఐటీ లైసెన్సు; ఆ ముక్క కాపీరైట్ ఫైల్లోకి ఎక్కాల్సిందే. ఖాళీలన్నీ పిండేసి ఒకే వరుసలో కుక్కిన జావాస్క్రిప్ట్ కనపడిందా, దాని అసలు సోర్సు చూపించమంటాడు. చూపించకపోతే పీకేసి, మిగిలినదాన్ని మళ్ళీ మూటగట్టి, వెర్షన్ పక్కన డెబియన్ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమాల గుర్తుగా ‘డీఎఫ్ఎస్‌జీ’ అని తోక తగిలిస్తాడు. ఇక బిల్డ్ నడుస్తుండగా ఇంటర్నెట్ ముట్టుకోవడమంటే మడి చెడిపోయినట్టే.

లోకాన్ని ఇంతగా సతాయించే ఈయన్ని సతాయించడానికి లింటియన్ అనే ప్రోగ్రాం ఒకటుంది. ప్యాకేజీని జల్లెడపట్టి, వివరణలోని స్పెల్లింగు తప్పుల దగ్గర్నుంచీ అన్నీ ఏకరువు పెడుతుంది. ఆయన నొచ్చుకోడు సరికదా, మురిసిపోతాడు. చేంజ్‌లాగ్‌లో సంతకం వరుస చూడండి: ఈమెయిల్‌కీ తేదీకీ నడుమ సరిగ్గా రెండు ఖాళీలుండాలి. నేను కల్పించి చెప్పడం లేదు, పాలసీ మాన్యువల్లోనే ఉంది. ఇంతా చేశాక, ప్యాకేజీ కొత్తదైతే మళ్ళీ క్యూలో నిలబడాలి. అక్కడ కొత్త ప్యాకేజీల్ని లోపలికి అనుమతించే ఎఫ్‌టీపీ మాస్టర్లు అవే లైసెన్సులు మొదటినుంచీ చదువుతారు.

ఈ సంబరమంతా అయ్యేసరికి లోకం ముందుకెళ్ళిపోతుంది. 2023 జూన్‌లో డెబియన్ 12 వచ్చింది. జాంగో 4.2 ఆ ఏప్రిల్‌లోనే విడుదలైనా, లోపల ఉన్నది 3.2.

“ఇంకా ఆ పాతచింతకాయ పచ్చడేనా సార్?” అన్నాడొక కుర్ర డెవలపర్.

“అందులో ఏది పనిచేయడం లేదు బాబూ?”

కుర్రాడి దగ్గర జవాబు లేదు. 2024 ఏప్రిల్‌లో జాంగో బృందం 3.2కి మద్దతు ఆపేసింది. ఆ తర్వాత కొత్త వెర్షన్ల కోసం రాసిన భద్రతా సవరణల్ని పాతదానికి సరిపడేలా కత్తిరించి అతికించే చాకిరీ డెబియన్ వాళ్ళమీదే పడింది.

ఆయనకి నిజంగా ముచ్చట వేసే జ్ఞాపకం 2016 మార్చిది. పట్టుమని పదకొండు వరుసలు కూడా దాటని లెఫ్ట్‌ప్యాడ్ అనే లైబ్రరీని రాసినాయన జావాస్క్రిప్ట్ లైబ్రరీల గోదామైన ఎన్‌పీఎమ్ నుంచి తీసేస్తే, దేశదేశాల్లో జావాస్క్రిప్ట్ బిల్డ్‌లు బోర్లాపడ్డాయి. ఆ ఊసెత్తితే ఈయన ముఖం పెళ్ళికళ కడుతుంది. పైకి మాత్రం “పాపం” అంటాడు.

మనిషి చాదస్తుడే, కాదనను. కానీ సర్వర్‌మీద ‘యాప్ట్ అప్‌గ్రేడ్’ కొట్టి నిశ్చింతగా నిద్రపోతున్నామంటే ఆ చాదస్తం పుణ్యమే. పైగా చాలామందికి ఇది జీతంలేని కొలువు. విసుగొస్తే ప్యాకేజీని అనాథగా ప్రకటించి తప్పుకోవచ్చు. అలాంటి అనాథల జాబితా డెబియన్‌లో ఎప్పుడూ ఉంటుంది. పైథాన్ తెలిసి, కాస్త ఓపికున్నవాళ్ళు ఒకసారి అటు చూడండి.