పదహారే పదహారు!

హైదరాబాద్ నుంచి డాలస్ 14,400 కిలోమీటర్లు, విమానంలో 16 గంటలు. ఫోన్ చెప్పింది, మా బావగారు నమ్మారు. "ఫలక్‌నుమా ఎక్కితే హౌరాకే ఒక రోజు దాటుతుంది కదోయ్, అమెరికాకి పదహారే పదహారు!" అని ఖమ్మంలో వీధి వీధంతా చాటేశారు.

ఆ 16 ఎక్కడిదంటే, 14,400ని 900తో భాగించారు, అంతే. మూడో తరగతి పిల్లాడైనా చేస్తాడు. శంషాబాద్‌లో చక్రం కదిలిన క్షణం నుంచీ విమానం గంటకు 900 కిలోమీటర్ల వేగంతోనే ఉంటుందని, డాలస్‌లో అదే వేగంతో నేల మీద వాలుతుందని ఆ లెక్క నమ్మకం.

దూరం సంగతి ఇంకా ముచ్చట. గ్లోబు మీద ఈ రెండూళ్ళ మధ్య దారం పట్టి చూడండి, ఆ 14,400 దాని కొలతే. ఆ దారం హిమాలయాలు దాటి, సైబీరియా మీదుగా దాదాపు ఉత్తర ధ్రువం దాకా ఎగబాకి, అట్నుంచి కెనడా మీదుగా టెక్సాస్‌లోకి జారుతుంది. సరిగ్గా సగం దారి ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. టీకి అక్కడ ఆపుతారు కాబోలు! అసలా దారిన పోగలమా? విమానం లోపల గాలి ఒత్తిడి పడిపోతే గబగబా 10,000 అడుగులకు దిగాలి. కింద కొండలే అంతకు రెట్టింపు ఎత్తుంటే ఎక్కడికి దిగుతుంది? అందుకే టిబెట్ వైపు వీలైనంత వరకు ఎవరూ పోరు. రష్యా చూస్తే 2022లో అమెరికా, యూరప్ విమానాలకు తలుపు మూసేసింది. దారానికి ఇవేం పట్టవు. పైగా ఈ రెండూళ్ళ మధ్య నేరుగా పోయే విమానమే లేదు! లేని విమానానికి నిమిషాలతో సహా టైము చెప్పడం జాతకం రాయడం కన్నా తేలిక.

మా అక్కయ్యా బావగారూ దుబాయ్‌లో విమానం మారారు. అక్కణ్ణుంచి డాలస్‌కే దాదాపు 16 గంటలు. అంటే ఫోనిచ్చిన పదహారూ ఆ ఒక్క విమానమే మింగేసింది. అదీ ఎదురుగాలిలో. తిరిగొచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, గంటకు పైగా కలిసొస్తుంది. ఫోన్‌కి మాత్రం రానూ పోనూ ఒకటే.

ఇక బయల్దేరే ముందు జరిగింది ఏ లెక్కలో వేయాలి? పెట్టెను స్ప్రింగ్ త్రాసుకి తగిలిస్తే ముల్లు 24 దాటింది. పరిమితి 23. గోంగూర తీయాలా, సున్నుండలు తీయాలా అని అక్కయ్యకీ బావగారికీ ముప్పావు గంట వాదన. చివరికి బావగారి ఉలెన్ కోటు ఇంట్లో ఉండిపోయింది.

డాలస్ పక్కన ఫ్రిస్కోలో మేనకోడలి ఇంటికి చేరాక బావగారు ఫోన్ చేశారు. కాళ్ళు బూరెల్లా పొంగాయట. ఖమ్మంలో గుమ్మం దిగింది మొదలు అక్కడ గుమ్మం ఎక్కేదాకా 36 గంటలట.

"పదహారన్నారుగా బావగారూ?"

"పదహారేనోయ్. మిగతా ఇరవై ప్రయాణం కిందికి రాదు."