లెక్కలోంచి తీసేసిన ఎలుకలు

ఎలుక ఎంత భయపడుతోందో సెకన్లలో చెప్పగలనని చాలాకాలం నమ్మాను. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు ల్యాబ్‌లో నా పని అదే. నేలకు సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున, కూడిక గుర్తు ఆకారంలో ఒక అమరిక ఉంటుంది. దాని నాలుగు బాటల్లో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ప్లస్ మేజ్ అంటాం. ఎలుకను మధ్యలో వదిలి 5 నిమిషాలు వీడియో తీస్తాం. గోడల చాటునే ఉండిపోతే ఆందోళన ఎక్కువ, గోడల్లేని బాటల్లో తిరిగితే తక్కువ. డయాజెపామ్ లాంటి మందు ఇస్తే ఎలుక గోడలు వదిలి వస్తుంది కనుక ఆ కొలత మీద నాకు అనుమానమే రాలేదు.

మా గదిలోవి బ్లాక్ సిక్స్ ఎలుకలు. వీటి పూర్వీకులు మసాచుసెట్స్‌లోని గ్రాన్బీలో అబ్బీ లాత్రోప్ అనే ఆవిడ పెంచినవి. వాటితో 1921లో క్లారెన్స్ కుక్ లిటిల్ ఈ వంశాన్ని మొదలుపెట్టాడు. తరతరాలుగా తోబుట్టువుల మధ్యే జతకట్టించిన ఈ ఎలుకలకు వాన తెలియదు, పిల్లి తెలియదు. వాటితో పోల్చడానికి పొలాల దగ్గర పట్టిన ఎలుకలను తెచ్చాను. అవి గోడల్లేని బాటల్లో ఎక్కువసేపు గడిపాయి. బయటి ఎలుకకు బెదురు తక్కువని, ల్యాబ్ ఎలుక పుట్టుపిరికిదని తేల్చేసి ల్యాబ్ మీటింగులో ధీమాగా చెప్పాను.

బయటి ఎలుకల్లో కొన్ని మేజ్ మీంచి దూకి పారిపోయాయి. కిందపడిన ఎలుకను లెక్కలోంచి తీసేయడం మా పద్ధతి. పట్టికలో వాటి వరుసలన్నీ తీసేశాను. ఆ వీడియోలు మళ్లీ తెరవలేదు.

పాత పరిశోధనలు తిరగేస్తున్నప్పుడు 2000 నాటి పత్రం ఒకటి కంటపడింది. అందులోనూ బయటి ఎలుకలు గోడల్లేని బాటల్లోకి ఎక్కువగానే వచ్చాయి. కానీ ఆ రచయితలు వాటి పారిపోయే ప్రయత్నాలనూ నమోదు చేశారు. అప్పుడు నా వీడియోలు తెరిచాను. ఎలుక బాట చివరిదాకా వెళ్లి, ముందుకాళ్లు అంచు దాటించి, కిందికి వంగి ఎత్తు చూసుకుంటోంది. ఆ తర్వాత దూకుతోంది. గాదె తలుపు తీయగానే నడిమధ్యకు ఉరికే ఎలుకను చూసి దానికి భయం లేదని మా ఊళ్లో ఎవరూ అనరు, కన్నం వెతుక్కుంటోందంటారు. ఆమాత్రం గ్రహించలేక నేను పారిపోవడాన్ని ధైర్యంగా రాసుకున్నాను. ఆ సంగతి చెప్పగల ఎలుకలనే పట్టికలోంచి తీసేశాను.

నన్ను ఆపగల హెచ్చరిక అప్పటికే ఉంది. అల్బనీ, పోర్ట్‌లాండ్, కెనడాలోని ఎడ్మంటన్‌లలో మూడు ల్యాబ్‌లు ఒకే వంశాల ఎలుకలకు ఒకే పరీక్షలు వీలైనంత ఒకేలా పెట్టినా ఫలితాలు ఒకేలా రాలేదని, ప్లస్ మేజ్‌లోనూ తేడాలొచ్చాయని 1999లోనే ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. చదివాను కూడా. అది ఎవరి సమస్యో అనుకున్నాను.

ల్యాబ్ ఎలుకల విషయంలోనూ నా తీర్పు నిలబడలేదు. మామూలుగా ఒకసారి మేజ్ ఎక్కిన ల్యాబ్ ఎలుక రెండోసారి గోడల చాటునే ఉండిపోతుంది. ఇథాకాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మాథ్యూ జిపిల్, మైఖేల్ షీహన్ బృందం అలాంటి ఎలుకలను కంచె వేసిన పొలంలో వదిలారు. మట్టిలో, గడ్డిలో వారం గడిపి వచ్చినవి మొదటిసారి లాగే గోడల్లేని బాటల్లోకి వెళ్లాయని 2025లో ప్రచురించారు. పుట్టుకతో వచ్చిందని నేను చెప్పిన పిరికితనంలో బోనులో బతుకు వల్ల వచ్చింది ఎంతో ఉందన్నమాట.

మనుషుల ఆందోళనకు వాడబోయే మందులను ఇలాంటి పరీక్షల్లోనే ముందు తూస్తారు. నా తెలివితక్కువతనం ఎలుకల గదిలోనే ఆగిపోయేది కాదు, మందు కోసం ఎదురుచూసే మనిషి దాకా పోయేది. ఇప్పుడు నా పట్టికలో సెకన్ల పక్కన ఎలుక ఏం చేసిందో రాస్తాను. దూకినవాటిని విడిగా లెక్కిస్తాను. కొత్తగా చేరే పిల్లలకు నేను నేర్పే మొదటి పని కూడా అదే: వీడియో పూర్తిగా చూడనిదే ఒక్క వరుస కూడా తీసేయకూడదు.